పాఠం ఒకసారి, సాధన ఏడాదంతా

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆత్మకూరు వైపు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఏడో తరగతి పిల్లలకు భిన్నాలు మళ్ళీ అ ఆల నుంచి చెప్పాల్సి వస్తోందని దిగులు పడుతున్నావట. దిగులు పడకు, అది పిల్లల మొద్దుతనం కాదు.

మన పుస్తకాల్లో భిన్నాలు ఐదులో కొంచెం, ఆరులో కొంచెం, ఏడులో ఇంకొంచెం వస్తాయి. ఒకే విషయాన్ని ఏటేటా పై మెట్టులో మళ్ళీ చెప్పాలన్న ఆలోచనను 1960లో అమెరికా మనస్తత్వవేత్త జెరోం బ్రూనర్ ముందుకు తెచ్చాడు. మంచి ఆలోచనే. అయితే ఈ ఏటి పాఠానికీ వచ్చే ఏటి పాఠానికీ మధ్య పిల్లవాడు ఆ లెక్క ముట్టుకోకపోతే మిగిలేదేముంది? పాఠం తిరిగి రావడం వేరు, సాధన తిరిగి రావడం వేరు. మొదటిది సిలబస్ రాసేవాళ్ళ చేతిలో ఉంది. రెండోది నీ చేతిలో ఉంది.

కాబట్టి పాఠాన్ని ముక్కలు చెయ్యకు. భిన్నాల గుణకారం చెప్పేటప్పుడు తీరిగ్గా, అర్థమయ్యేదాకా చెప్పు. అభ్యాసంలోని పది లెక్కలూ మాత్రం ఆ రాత్రికే ఇవ్వకు. మూడు చాలు. మిగతావి రేపటికి రెండు, వారం తర్వాత రెండు, నెల తర్వాత రెండు, దసరా సెలవుల తర్వాత ఇంకొకటి అలా దాచుకో. రోజూ హోంవర్క్‌లో కొత్త పాఠం సగమైతే, పాతవి సగం. లెక్కల సంఖ్య పెంచనక్కర్లేదు, వరస మారిస్తే చాలు.

పాతవాటిని కలగలిపి ఇవ్వడం ముఖ్యం. 'సరళ వడ్డీ' అని పైన రాసి పది లెక్కలిస్తే పిల్లలు లెక్క చదవనే చదవరు, అంకెలు ఏరుకుని సూత్రంలో వేసేస్తారు. ఏ లెక్కకు ఏ దారో తేల్చుకోవడమే అసలు చదువు. మీ ఊరి లెక్కలే ఇవ్వు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు కదా, ఎకరాకు మూడు పుట్లు పండితే రెండున్నర ఎకరాలకు ఎన్ని క్వింటాళ్లు? దాని కిందే, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఎంత శాతం? ఆ కింద ఒక చుట్టుకొలత లెక్క. ఇది ఏ పాఠంలోదని అడుగుతారు. చెప్పకు.

మొదట్లో తప్పులు పెరుగుతాయి. పిల్లలకు టెన్షన్, తల్లిదండ్రులకు అనుమానం, హెడ్మాస్టరు గారికి సిలబస్ కంగారు. అప్పుడు నువ్వు గట్టిగా నిలబడాలి. అమెరికాలో ఏడో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. మొత్తం 54 తరగతులు. అందరికీ అవే లెక్కలు. కొందరికి ఒక రకం తర్వాత ఒక రకంగా, కొందరికి కలగలిపి ఇచ్చారు. నెల తర్వాత చెప్పకుండా పరీక్ష పెడితే కలగలిపి చేసినవాళ్ళకు సగటున 61 శాతం, మిగతావాళ్ళకు 38 శాతం వచ్చాయి. స్టాఫ్ రూంలో ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పు.

ఒక జాగ్రత్త. అసలు అర్థం కాని లెక్కను ఎన్నిసార్లు తిప్పి ఇచ్చినా తప్పే గట్టిపడుతుంది. పాత లెక్కలో తరగతిలో సగంమంది తప్పితే హోంవర్క్ ఆపి, ఆ పీరియడ్‌లో మళ్ళీ చెప్పు. తప్పులు మర్నాడే దిద్దాలి, వారం ఆగితే పిల్లలకు ఆ లెక్క గుర్తుండదు. నలభై నోటుపుస్తకాలు రోజూ దిద్దలేవు, నాకు తెలుసు. బోర్డు మీద జవాబులు రాసి, పక్కవాళ్ళ పుస్తకం దిద్దించు. తప్పు ఎక్కడ పడిందో మాత్రం నువ్వే చూడు.

పాత లెక్కలకు వేరే నోటుబుక్కు పెట్టుకుని, ఏ తేదీన ఏది ఇచ్చావో రాసుకో. మొదటి నెల పేజీలు ఫొటో తీసి పంపు. ఎక్కడ ఎడం ఎక్కువైందో, ఎక్కడ తక్కువైందో చూసి చెబుతాను.

ఇట్లు,
పెద్దమ్మ