పెట్టె విప్పాలా, అట్లనే పంపాలా?

ప్రశ్న: మా బాపు కొన్న ముంబై మింట్ ప్రూఫ్ సెట్ ఇప్పటికీ అసలు పెట్టెలోనే ఉంది. గ్రేడింగ్‌కు (నాణెం అసలుదేనా, ఎంత బాగుందో చూసి పాయింట్లు వేయడానికి) విప్పి పంపాలా, అట్లనే పంపాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీరు మాత్రం విప్పకండి. ప్రూఫ్ నాణెం, అంటే దాచుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించింది, అద్దంలా ఉంటుంది, దాని మీద బొటనవేలి ముద్ర ఒక్కటి పడ్డా గ్రేడింగ్‌కు వాడే 70 పాయింట్ల స్కేల్‌లో దెబ్బ తగులుతుంది, ఆ ముద్ర తుడుద్దామని గుడ్డ పట్టుకున్నారో ఇంకా ఎక్కువ పోతుంది. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి విదేశీ గ్రేడింగ్ సంస్థలు ఎట్లాగూ నాణేన్ని బయటికి తీసి చూసి, తమ గట్టి ప్లాస్టిక్ కేస్‌లోనే సీల్ చేస్తాయి. పాత పెట్టె వెనక్కి కావాలంటే ఆ సంగతి, దానికయ్యే ఖర్చు ముందే అడగండి, రేపు కొనేవాళ్లు పెట్టె, కాగితం కూడా అడుగుతారు. ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి, అంచున ఆకుపచ్చ జిగురు కనిపిస్తే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌లోని పీవీసీ పని, నాణేన్ని పాడు చేస్తుంది, ఆలస్యం చేయొద్దు. అన్నట్టు, మామూలు సెట్ అయితే ఫీజు, కొరియర్ ఖర్చులే నాణేల ధర దాటిపోతాయి, నేనైతే పంపను. పనిలో పనిగా ఇంట్లో ఉన్న నిజాం కాలం రూపాయి కూడా అదే పార్సిల్‌లో పెడదామనుకుంటే ఆగండి, వందేళ్లు నిండిన నాణేన్ని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మనంతట మనం దేశం దాటించకూడదు.