మామయ్య వయసు 66 అని వాళ్లకెవరు చెప్పారు?

ప్రశ్న ఇది: "ఇంట్లో ఏదైనా కొనాలని మాట్లాడుకుంటే చాలు, కాసేపటికే దాని యాడ్ ఫోన్‌లో ప్రత్యక్షమవుతోంది. ఫోన్ మన మాటలు వింటోందా? మీకెప్పుడైనా ఇలా జరిగిందా?"

జరిగింది. కానీ ఫోన్ విని కాదు. ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర కారణం ఉంది.

మేముండేది బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో. మా మామయ్య, అత్తయ్య నంద్యాల నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. మామయ్య ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. అన్నేళ్లు ఇంజన్ పక్కన కూర్చున్నందుకో ఏమో, కుడి చెవి సరిగ్గా వినపడదు. ఆయన మాత్రం ఒప్పుకోరు. "నాకేం, బాగానే వినపడుతుంది. మీరే నోట్లో నోట్లో గొణుక్కుంటారు" అంటారు.

ఒక ఆదివారం మా క్లబ్‌హౌస్‌లో ఉచితంగా చెవి పరీక్ష చేసే క్యాంపు పెట్టారు. బతిమాలి తీసుకెళ్లాం. చెవిలో లైటు వేసి చూడటం తర్వాత సంగతి, ముందు ఫారం నింపాలట. పేరు, వయసు, ఫ్లాట్ నంబరు, మొబైల్ నంబరు, ఏ చెవి, ఇంతకుముందు చెవి మిషన్ వాడారా. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో "అంగీకరిస్తున్నాను" అని, దాని పక్కన టిక్కు మార్కు కూడా వాళ్లే అచ్చు వేయించేశారు. మన ఒప్పుకోలు కూడా ప్రెస్సు నుంచే వచ్చిందన్నమాట.

ఆ అమ్మాయి వయసు అడిగింది. మామయ్యకు వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది. హాలంతా తిరిగి చూసేలా అరిచాక మామయ్య తాపీగా "అరవై ఆరు" అన్నారు.

ఆధార్ ప్రకారం ఆయనకు 74. పక్కనే కూర్చున్న అత్తయ్య ఊరుకుంటారా? "నాకు 68 నడుస్తోంది. అయితే ఈయన నాకు తమ్ముడి వరస అవుతాడు" అన్నారు. అదృష్టం, అది మామయ్యకు వినపడలేదు. అమ్మాయి 66 అనే రాసుకుంది. ఫోన్‌లో ఆయనకు ఎలాగూ వినపడదని నంబరు నాది రాయించాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మిషన్ కొనాలా వద్దా అని చర్చ. మామయ్యతో చర్చ అంటే మెల్లగా కుదిరేది కాదు. కింద ఫ్లోర్ వాళ్లకు కూడా ధరలు తెలిసిపోయి ఉంటాయి. "డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పెట్టుకుంటారు?" అని అత్తయ్య ఒకటే పాట.

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఇన్‌స్టాగ్రామ్ తెరిచానో లేదో, తెల్లజుట్టు తాతగారు మనవడిని ఎత్తుకుని నవ్వుతున్నారు. చెవి మిషన్ యాడ్. నెలనెలా వాయిదాల్లో కట్టుకోవచ్చట. మా ఆయనకు చూపించా. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, వెంటనే తేల్చేశారు: "చూశావా, రాత్రంతా విన్నది. ఫోన్లు వింటాయని నేను ఎప్పటి నుంచో చెప్తున్నా." అప్పటి నుంచి ఇంట్లో డబ్బు సంగతులు మాట్లాడాల్సి వస్తే ఆయన ఫోన్ వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక్కి వెళ్తోంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. "మేడమ్, కన్నడ? హిందీ? ఓ, తెలుగా మేడమ్! చెప్పండి మేడమ్, మీ ఇంట్లో పెద్దాయన ఉన్నారు కదా, సిక్స్టీ సిక్స్ ఇయర్స్, కుడి చెవి ప్రాబ్లమ్..."

నేను అక్కడే ఆపేశాను. "66 అని మీకెవరు చెప్పారు?"

"సిస్టమ్‌లో ఉంది మేడమ్."

"ఏ సిస్టమ్?"

ఫోన్ పెట్టేశాడు. క్యాంపు పెట్టిన కంపెనీ పేరు ఒకటి, వీడు చెప్పిన పేరు ఇంకొకటి. ఆ తర్వాత మరో రెండు మూడు చోట్ల నుంచి కూడా చేశారు. అందరిదీ అదే 66.

ఇప్పుడు ఆలోచించండి. ఫోన్ మా మాటలు వినుంటే దానికి తెలిసేది 74. రాత్రంతా అత్తయ్య అరిచింది అదే అంకె. ఆధార్‌లో ఉన్నది 74. పెన్షన్ కాగితాల్లో ఉన్నది 74. లోకంలో 66 అని ఉన్నది ఒక్క చోటే, ఆ క్లబ్‌హౌస్ ఫారం మీద. మామయ్య ఆడిన అబద్ధం మా కంటే ముందే ఊరంతా తిరిగొచ్చింది. ఆయనకు మాత్రం పట్టలేని సంతోషం. "కంపెనీ వాళ్లే అరవై ఆరంటున్నారు, మీకేంటి నొప్పి?" అంటారు.

మరి నంబరుకూ యాడ్‌కూ సంబంధమేంటి అంటారా? వ్యాపారి తన దగ్గరున్న ఫోన్ నంబర్ల జాబితాను యాడ్ కంపెనీకి ఎక్కిస్తాడు. ఆ నంబర్లతో ఎవరెవరికి ఖాతాలున్నాయో అక్కడ జత కలుస్తుంది, యాడ్ నేరుగా వాళ్లకే కనిపిస్తుంది. ఫేస్‌బుక్‌లో ఈ సదుపాయం 2012 నుంచే ఉంది. దొంగతనంగా వినాల్సిన పనేముంది, ఫారం మీద రాసిచ్చాక? మా ఆయన మాత్రం "ఫారం నుంచి కాల్ వచ్చిందని రుజువైంది, యాడ్ సంగతి రుజువు కాలేదు" అని లా పాయింట్ తీస్తారు. కందిపప్పు డబ్బా వెనక ఫోన్ దాచే మనిషి చెప్పే రుజువులు నేను లెక్కలోకి తీసుకోను.

మైకు అనుమానం ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. చాటుగా మైకు ఆన్ చేసి మాటలు పంపిస్తున్న యాప్ వాళ్లకు కనపడలేదు. కానీ మనం తెర మీద ఏం చేస్తున్నామో వీడియో తీసి బయటి కంపెనీకి పంపుతున్న యాప్ దొరికింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరికీ మైకే కావాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి మైకు వాడుతుంటే పైన మూల పచ్చ చుక్క వెలుగుతుంది, ఐఫోన్‌లో నారింజ చుక్క. చూసుకోండి. మాటతో పిలిస్తే పలికే వాయిస్ అసిస్టెంట్ల కథ వేరు. ఒక్కోసారి పిలవకుండానే పలికి రికార్డు చేసేస్తాయి. ఆపిల్ వాళ్ల అసిస్టెంట్ సిరి రికార్డింగులను కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్నారని 2019లో బయటపడింది. ఆ గొడవ మీద వేసిన దావాలో ఆపిల్ తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. నేనైతే మా ఇంట్లో వాయిస్ అసిస్టెంట్‌ను ఆపేశాను.

అసలు నా కడుపుమంట మైకు మీద కాదు, కౌంటర్ల మీద. ఈ ఊళ్లో నంబరు ఇవ్వకుండా ఏ పని జరుగుతుంది? మా తమ్ముడు చూడ్డానికి వస్తే గేటు దగ్గర టాబ్‌లో వాడి నంబరు కొట్టించుకుని, ముఖం ఫొటో తీసి గానీ లోపలికి వదల్లేదు. ఆ ఫొటో ఎన్నాళ్లు ఉంచుతారని అడిగితే గార్డు నన్నే అనుమానంగా చూశాడు.

జిరాక్స్ షాపు ఇంకా ఘోరం. "వాట్సాప్ చెయ్యండి మేడమ్, ప్రింట్ ఇస్తా" అంటాడు. అందరికీ కనపడేలా తెర మన వైపే తిప్పి ఉంటుంది. ఎవరిదో పాన్ కార్డు, ఎవరిదో రెంటల్ అగ్రిమెంట్, ఎవరి పిల్లాడిదో స్కూల్ ఫారం, అన్నీ వరసగా. నాది ప్రింట్ అయ్యాక డిలీట్ చేసేదాకా కదలను. "యాకె మేడమ్, నంబికె ఇల్వా?" అంటాడు. నమ్మకం లేదా అని. లేదు బాబూ. ఆధార్ అడిగితే మాస్క్ చేసిందే ఇవ్వండి, చివరి నాలుగంకెలే కనపడతాయి, ఆధార్ ఇచ్చే యుఐడిఎఐ సైట్‌లో దొరుకుతుంది. వంటింట్లో ఫోన్ దాచి, బయట అడిగినవాడికల్లా నంబరు చెప్పడం తలుపులు బార్లా తెరిచి కిటికీకి గడియ పెట్టుకున్నట్టు ఉంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి మా బెంగళూరు ఆయనే. కర్ణాటక హైకోర్టు జడ్జిగా రిటైరై, ఎనభై దాటాక 2012లో ఆధార్ మీద కోర్టుకెళ్లారు. ఆయన ఓపికకు దణ్ణం పెట్టాలి. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరు దాకా రాలేదు, వచ్చాక కూడా కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. ఫారం మీద ముందే టిక్కు అచ్చు వేసేవాళ్లకు ఇంకా గడువు దేనికో నాకు అర్థం కాదు.

మామయ్యను చివరికి మైసూరులో స్పీచ్ అండ్ హియరింగ్ సంస్థకు తీసుకెళ్లాం. అక్కడ అత్తయ్యే ముందుకెళ్లి 74 అని రాయించారు. 74 అంటూ ఇప్పటిదాకా ఒక్క కాల్ కూడా రాలేదు. మిషన్ పెట్టుకుంటున్నారు, అత్తయ్య మొదలుపెట్టగానే తీసి జేబులో వేసుకుంటున్నారు.

నేను చేస్తున్నది ఒకటే. బిల్లు కౌంటర్‌లో నంబరు ఇవ్వను. కొన్నవాళ్లను నంబరు కోసం బలవంతపెట్టొద్దని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు చెప్పింది. మేం సరుకులు తెచ్చుకునే చోట అబ్బాయికి ఇదే చెప్పాను. "నంబర్ లేకుంటే సిస్టమ్ తీసుకోదు మేడమ్" అన్నాడు. వెనక లైన్లో వాళ్లు నిట్టూరుస్తున్నా నేను కదల్లేదు. చివరికి వాడే తన నంబరు కొట్టుకున్నాడు, బిల్లు చక్కగా వచ్చింది. ఇప్పుడు మా ఇంటి బియ్యం, నూనె, పప్పుల మీద వచ్చే పాయింట్లన్నీ వాడి ఖాతాలోకే పోతున్నాయి. నన్ను చూస్తే చాలు, "మేడమ్, ఇక్కడ ఖాళీ" అని తన కౌంటర్‌కు పిలుస్తున్నాడు.