కిలో లెక్కన కూలి, మేస్త్రీ చేతిలో లెక్క

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలంలోని ఒక పల్లె. మా అమ్మ నాలుగేళ్లుగా రొయ్యల ఎగుమతి కంపెనీలో తలలు తీసి పొట్టు ఒలిచే పనికి వెళుతోంది. కంపెనీ వ్యాను ఊళ్లోకి వచ్చి ఆడవాళ్లను ఎక్కించుకుంటుంది గానీ, కూలి ఇచ్చేది మాత్రం మేస్త్రీ. ఒలిచిన కిలోలను బట్టి లెక్కగట్టి, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) పేరుతో కొంత పట్టుకుంటాడు. చీటీ ఏమీ ఇవ్వడు. ఈ మధ్య నీళ్లలో నాని అమ్మ వేళ్ల సందులు పుండ్లు పడ్డాయి. ఈఎస్‌ఐ కార్డు అడిగితే, కిలో లెక్కన చేసేవాళ్లకు అవేవీ ఉండవన్నాడు. మరి పట్టుకున్న డబ్బు ఏమైనట్టు? మేము ఎవరిని అడగాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: మేస్త్రీ మాట చట్టం ముందు నిలవదు. కూలిని నెలకు లెక్కగట్టినా, రోజుకు లెక్కగట్టినా, ఒలిచిన కిలోలకు లెక్కగట్టినా అది వేతనమే. 20 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థకు భవిష్య నిధి, 10 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థకు ఈఎస్‌ఐ వర్తిస్తాయి. నెలకు 15,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి పీఎఫ్, 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ తప్పనిసరి. మేస్త్రీ ద్వారా వచ్చిన మనిషి కూడా ఆ కప్పు కింద పనిచేస్తున్నంత కాలం, ఆమె చందా (ఈ రెండింటికీ కట్టే వాటా) కట్టించవలసిన బాధ్యత చివరికి కంపెనీదే. మేస్త్రీ కట్టకపోతే కంపెనీ కట్టి, ఆ మొత్తాన్ని అతనికి ఇవ్వవలసిన బిల్లులో కోసుకోవాలి. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాక కూడా ఈ బాధ్యత తొలగిపోలేదు; పైగా ప్రతి కార్మికురాలికీ నియామక పత్రం ఇవ్వాలన్న నియమం చేరింది.

ఎంత పట్టుకోవాలో మీకు తెలిస్తే, మోసం ఎక్కడ జరిగిందో మీరే చూడగలరు. నెలకు 12,000 రూపాయల కూలి అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,440 రూపాయలు అమ్మగారి పీఎఫ్ వాటా. అంతే మొత్తం యజమాని తన జేబులోంచి వేయాలి, దానిలో సుమారు 1,000 రూపాయలు పింఛను ఖాతాకు వెళతాయి. ఈఎస్‌ఐకి ఆమె వాటా 0.75 శాతం, అంటే 90 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు. యజమాని వాటాను కూడా కూలిలోంచే కోయడం నేరం. పట్టుకున్న డబ్బును కట్టకుండా ఉంచుకోవడం అంతకన్నా పెద్ద నేరం. దానిని చట్టం నమ్మకద్రోహంగానే చూస్తుంది.

ఇక, ఫిర్యాదుకు ముందు చేయవలసిన పని ఒకటుంది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది అదే. అమ్మగారికి యూఏఎన్ అనే 12 అంకెల పీఎఫ్ సంఖ్య, 10 అంకెల ఈఎస్‌ఐ బీమా సంఖ్య కేటాయించారో లేదో తెలుసుకోండి. చాలామంది విషయంలో సంఖ్య ఉంటుంది గానీ, దానికి జతచేసిన ఫోన్ నంబరు మేస్త్రీదో, కంపెనీ గుమాస్తాదో అయి ఉంటుంది. అందువల్ల సమాచారం ఏనాడూ ఆ మనిషికి చేరదు. ముందుగా ఆధార్ కేంద్రంలో అమ్మగారి ఆధార్‌కు ఇంట్లోని ఫోన్ నంబరు జతచేయించి, తరువాత కేంద్ర ప్రభుత్వపు ఉమంగ్ యాప్‌లో యూఏఎన్ తెలుసుకుని పాస్‌బుక్ తెరవండి. ఏ నెల ఎంత జమ అయిందో, ఏ నెల ఖాళీగా ఉందో అందులో కనబడుతుంది. దానితోపాటు ఒక నోటుపుస్తకంలో తేదీ, ఒలిచిన కిలోలు, కిలో రేటు, చేతికి వచ్చిన కూలి రాసిపెట్టండి. వీలైతే తోటి ఆడవాళ్లందరూ రాయాలి. అందరి పుస్తకాల్లోనూ ఒకే లెక్క కనబడితే దాన్ని కాదనడం మేస్త్రీకి అంత సులభం కాదు. ఖాళీ కాగితాల మీద గానీ, చదవని వోచర్ల మీద గానీ సంతకమో వేలిముద్రో వేయవద్దు.

పనిచేసిన రోజుల లెక్క ఈఎస్‌ఐకి మరీ అవసరం. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడితేనే, ఆ తరువాతి లబ్ధి (సాయం పొందే) కాలంలో జబ్బుపడి పనికి వెళ్లలేని రోజులకు, ఏడాదిలో 91 రోజుల వరకు, వేతనంలో 70 శాతం చేతికి వస్తుంది. నెలకు 25 రోజులు పనిచేసిన మనిషికి 10 రోజులే చూపించారంటే, చందా మిగుల్చుకోవడంతోపాటు ఆమె జబ్బు రోజుల అన్నాన్ని కూడా లాక్కున్నట్టే. పనిలో గాయమైతే మాత్రం ఈ రోజుల నిబంధన లేదు; పనిలో చేరిన మొదటి రోజు నుంచే ఆ రక్షణ ఉంటుంది. యజమాని చందా కట్టనందువల్ల లబ్ధి అందకపోతే, ఈఎస్‌ఐ సంస్థ లబ్ధి చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టగలదు. కాబట్టి చికిత్స చీటీలు, మందుల బిల్లులు పారేయకండి.

పీఎఫ్ ఫిర్యాదు భవిష్య నిధి సంస్థకు (ఫోన్ 14470), ఈఎస్‌ఐ ఫిర్యాదు ఈఎస్‌ఐ సంస్థకు (1800 11 2526) వెళ్లాలి. కూలి తక్కువ ఇవ్వడం, చీటీ ఇవ్వకపోవడం వంటివి కార్మిక శాఖ చూస్తుంది. మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారికి రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది గనుక నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను, లేదా 15100ను సంప్రదించండి. ఒక్క మనిషి పేరుతో ఫిర్యాదు వెళితే మర్నాడు వ్యానులో ఆమెకు చోటుండదన్న భయం నిజమైనదే. అందువల్ల పదిమంది కలిసి సంతకాలు చేయడమో, కార్మిక సంఘం ద్వారా పంపడమో మేలు.

ప్రశ్న: సింగరాయకొండ దగ్గరి రొయ్యల కంపెనీల్లో పనిచేస్తున్నాను. సరుకు లేక పని ఆగినప్పుడల్లా పీఎఫ్ డబ్బు తీసేసుకోమని మేస్త్రీ చెబుతున్నాడు. ఇప్పటికే రెండుసార్లు తీసుకున్నాను. ఇది మంచిదేనా?

జవాబు: ఇంట్లో గడవని స్థితి ఉంటే తప్పు పట్టలేను. కానీ పింఛను వాటాను కూడా తీసేసుకుంటే, అంతవరకు చేసిన సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. మొత్తం సర్వీసు 10 ఏళ్లు నిండితేనే 58వ ఏట నుంచి నెలనెలా పింఛను వస్తుంది. కంపెనీ మారినా పాత యూఏఎన్‌నే కొత్తచోట ఇవ్వండి. పాత ఖాతా దానికి బదిలీ అవుతుంది. డబ్బు అవసరమైతే వైద్యం వంటి కారణాలకు అడ్వాన్సు తీసుకోవచ్చు, దానివల్ల పింఛను సర్వీసు పోదు. పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తరువాత మీరే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. పేరు గానీ, పుట్టిన తేదీ గానీ ఆధార్‌తో సరిపోకపోతే జాయింట్ డిక్లరేషన్ (మీరూ కంపెనీ కలిసి ఇచ్చే ప్రకటన) ద్వారా ఇప్పుడే సరిచేయించండి. నామినీ పేరు కూడా ఎక్కించండి, ఎందుకంటే పనిలో ఉండగా సభ్యురాలు మరణిస్తే కుటుంబానికి 7 లక్షల రూపాయల వరకు బీమా మొత్తం వస్తుంది. నామినీ లేనిచోట ఆ డబ్బు కోసం కుటుంబసభ్యులు ధ్రువపత్రాలు పట్టుకుని నెలల తరబడి తిరగవలసి వస్తుంది.