విజిట్ వీసా మీద దుబాయ్ పోయి, అక్కడ వర్క్ వీసాకు మార్చుకోవచ్చా?

మీ బావమరిది పది పాస్ కాలేదన్నారు. ఊళ్లో ఏజెంటేమో "ముందు విజిట్ మీద పంపుతా, పోయినంక కంపెనీ వీసా కొట్టిస్తా, 90 వేలు" అంటున్నాడన్నారు. వద్దే వద్దు. నేను షార్జా క్యాంపులో ఉన్నప్పుడు మా రూములోకి ఇట్లనే ఒక జగిత్యాల పిల్లగాడు వచ్చిండు. గడువు అయిపోయింది, కంపెనీ ఊసే లేదు. ఒకపక్క ఫైన్ పెరుగుతుంటే పనికి పోవాలన్నా భయం, పోకుంటే తిండికి కష్టం.

పది లేదంటే ఆయనది ఈసీఆర్ పాస్‌పోర్టే అయి ఉంటుంది. అంటే గల్ఫ్‌లో పనికి పోవాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి పోయే అనుమతి) రావాలి. విజిట్ మీద పోయేవాడికి అది ఉండదు, దాంతో చేయించే ప్రవాసీ బీమా కూడా ఉండదు. రెండేళ్లకు కట్టేది 275 రూపాయలు, ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి వచ్చేది 10 లక్షలు.

ఇక 90 వేలు దేనికట? లైసెన్సున్న ఏజెంటైనా సర్వీసు చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, మొత్తం 35,400కు మించి తీసుకోవద్దు, రసీదు ఇవ్వాలి. వీసా ఖర్చు యూఏఈ చట్టం ప్రకారం కంపెనీదే. లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడండి. నంబరు అడగ్గానే మొహం మాడ్చుకున్నాడంటే సంగతి అర్థమైనట్టే. హైదరాబాద్‌లో టామ్‌కామ్ అని విదేశాల్లో పనికి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థే ఉంది, అక్కడ కూడా ఒకసారి కనుక్కోండి.

అసలు చూడాల్సింది ఆఫర్ లెటర్. నోటితో "1500 దిర్హమ్‌లు" అంటారు. కాగితంలో బేసిక్ (అసలు జీతం) 800 ఉంటుంది, మిగతాది రూము, తిండి పేరుతో అలవెన్సు. చేతికి అదే 1500 వస్తుంది కదా అని మావాళ్లు చాలామంది సంతకం పెట్టేస్తారు. కానీ ఓటీ (ఓవర్‌టైమ్) లెక్క బేసిక్ మీదనే, వచ్చేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదనే. మొదటి అయిదేళ్లు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున కడతారు. 800కు ఏడాదికి 560 వస్తే, 1200కు 840 వస్తుంది. ఇంగ్లిష్ రాకపోతే ఆఫర్ లెటర్ హిందీలో అడగండి, ఇస్తారు. కంపెనీ పేరు, పని పేరు, బేసిక్, ఈ మూడూ వీసా కాగితంతో, ఈ-మైగ్రేట్ కాంట్రాక్టుతో కలవాలి. మేస్త్రీ పనని చెప్పి కాగితంలో క్లీనర్ అని రాస్తే అక్కడ చేయించేది క్లీనింగే.

ఒరిజినల్ పాస్‌పోర్ట్ మాత్రం ఆ ఏజెంటు చేతికి ఇవ్వకండి. సౌదీకైతే పాస్‌పోర్ట్ మీద వీసా స్టాంపింగ్ ఉంటుందని అడుగుతారు, దుబాయ్ వీసా ఆన్‌లైన్లో వస్తుంది, జిరాక్స్ చాలు. ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపే పోయి తెచ్చుకోండి.