ఉలూరు చుట్టూ నడిచే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

డిసెంబరు సెలవుల్లో అక్కయ్యనీ పిల్లల్నీ తీసుకుని సిడ్నీ నుంచి ఆస్ట్రేలియా నడిమధ్యలో ఉన్న ఎర్రకొండ ఉలూరుకు వెళ్దామనుకుంటున్నామని రాశావు. తప్పకుండా వెళ్ళండి, కానీ డిసెంబరులో మాత్రం వద్దమ్మా. ఆ నెలల్లో అక్కడ వేసవి, ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. ఎండ 36కు చేరుతుందని ముందే తెలిస్తే, ఉలూరు పార్కులోనే ఉన్న మరో కొండల గుంపు కటా జుటాలోని గాలుల లోయ దారిని ఉదయం 11 గంటలకే మూసేస్తారు. మొదటి వ్యూ పాయింట్ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. అంత దూరం వెళ్ళి పిల్లల్ని హోటల్ గదిలో కూర్చోబెట్టడం ఎందుకు? జూలై సెలవులకు మార్చుకోండి. అప్పుడు పగలు హాయిగా నడవచ్చు. రాత్రుళ్ళు చలి సున్నా దాకా దిగుతుంది కనుక అక్కయ్యకు శాలువా, సాక్సులు పెట్టు.

దిగిన రోజే నడకకు బయలుదేరకండి. ముందు పార్కులో ఉన్న కల్చరల్ సెంటర్‌కు వెళ్ళండి. ఆ కొండలు అక్కడి ఆదివాసులైన అనంగులవి. వాళ్ళ ధర్మం, చట్టం, పుట్టుక కథలు అన్నీ కలిపి చుకుర్పా అంటారు. అది కాస్తయినా తెలిశాక కొండ దగ్గరికి వెళ్తే చూపే మారుతుంది. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఏమైనా కొనాలనిపిస్తే అక్కడే మరుకు ఆర్ట్స్‌లో కొను. అది అనంగు కళాకారులదే.

ఉలూరు చుట్టూ దారి 10.6 కిలోమీటర్లు. ఎత్తుపల్లాలు లేవు. మూడున్నర గంటలు పడుతుందంటారు, మీరు ఐదు గంటలు పెట్టుకోండి. పొద్దు పొడిచేసరికి మాలా కార్ పార్కింగ్ దగ్గర ఉండాలి. అక్కణ్ణుంచి కొండను కుడిచేతి వైపు ఉంచుకుని బయలుదేరండి. సింహాచలం గిరిప్రదక్షిణ చేసిన ఇంటివాళ్ళం, ఆ నడక మనకు కొత్తేమీ కాదు.

ఎక్కడం గురించి అల్లుడుగారు అడిగారట. 2019 అక్టోబరు 26 నుంచి కొండ ఎక్కడం పూర్తిగా నిషేధం. 1985లో అదే తేదీన ఆ భూమిని అనంగులకు తిరిగి అప్పగించారు. వాళ్ళు వెంటనే దాన్ని పార్కుగా నడపడానికి ప్రభుత్వానికి 99 ఏళ్ళ కౌలుకు ఇచ్చారు. ఎక్కవద్దని ఏళ్ళ తరబడి మర్యాదగా అడిగినా జనం ఎక్కుతూనే వచ్చారు, ముప్పై మందికి పైగా చనిపోయారు కూడా. తమ నేల మీద పరాయివాళ్ళ బిడ్డలు పోతే వాళ్ళు తమవాళ్ళు పోయినట్టే బాధపడ్డారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఫోటోల గురించి. ఈశాన్యం వైపు నడుస్తున్నప్పుడు ఇక్కడ ఫోటోలు తీయవద్దని బోర్డులు కనిపిస్తాయి. కొన్ని చోట్లు ఆడవాళ్ళవి, కొన్ని మగవాళ్ళవి. వాటి బొమ్మ కూడా చూడకూడనివాళ్ళ కంటబడకూడదు. నువ్వు తీసిన ఫోటో ఎవరి ఫోన్‌కు చేరుతుందో నీకేం తెలుసు? అందుకే ఆ వైపు నడిచినంతసేపూ ఫోన్లు సంచిలో పెట్టేయండి. దూరం నుంచి తీస్తే తప్పేముందిలే అని సరిపెట్టుకోకండి.

పిల్లలు కథ చెప్పమని వేధిస్తారు. కటా జుటాలో 36 గుండ్రటి కొండలున్నాయి. కానీ అక్కడి కథలు మనలాంటి వాళ్ళకు చెప్పేవి కావు. చెప్పరని పిల్లలకు సూటిగా చెప్పు. ఇంటర్నెట్‌లో వెతికి ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టకు. ప్రతి కథా మనకు అందాలన్న రూలేం లేదని పదేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది.

కథ కావాలంటే కునియా దారికి తీసుకువెళ్ళు. ముతిజులు నీటి మడుగు దాకా పోయి రావడానికి ఒక్క కిలోమీటరే. చదునైన దారి, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అక్కయ్యకు ఇదే సరైనది. అక్కడి కథ అనంగులు అందరికీ చెప్పేదే. కునియా అంటే కొండచిలువ స్త్రీ. తన మేనల్లుడిని చంపిన లిరు అనే విషసర్పం మనిషి మీద కోపంతో ఆవిడ కర్ర ఎత్తి కొట్టింది. ఒక దెబ్బ చిన్నది, రెండోది ప్రాణం తీసింది. ఆ రెండు దెబ్బల గుర్తులూ రాతి మీద నిలువు పగుళ్ళుగా కనిపిస్తాయి. పిల్లల్ని వాటికి ఎదురుగా నిలబెట్టి చెప్పు, తొందరపడకు.

రాళ్ళు, ఎర్రమట్టి ఏరుకోనివ్వకు. తీసుకుపోయినవాళ్ళు తర్వాత బాధపడి క్షమించమని ఉత్తరం రాసి పోస్టులో తిప్పి పంపుతుంటారు. ముతిజులు ఊళ్ళోకి అనుమతి లేకుండా కారు తిప్పకండి, అక్కడ జనం కాపురాలున్నాయి. మనుషుల ఫోటోలు అడగకుండా తీయకండి.

ఇక సామాన్ల సంగతి. వేడి రోజైతే మనిషికి గంటకు ఒక లీటరు నీళ్ళు. జూలైలో అంత అవసరం ఉండదు, అయినా తలా రెండు సీసాలు మోయండి, దారిలో దొరుకుతాయని నమ్ముకోవద్దు. ఎండ పెరిగితే ఈగలు ముఖం మీద ముసురుతాయి. తలకు కప్పుకునే వల కొనుక్కోండి. పార్కు లోపల బస లేదు, పార్కు బయట ఉన్న యులారా అనే ఊళ్ళోనే ఉండాలి. అక్కడి నుంచి కటా జుటా యాభై కిలోమీటర్లు. పొద్దు కుంకాక కారు నడపవద్దని అల్లుడుగారితో నా మాటగా చెప్పు, కంగారూలూ ఒంటెలూ రోడ్డు మీదికి వస్తాయి. గదులు జూలైలో త్వరగా నిండిపోతాయి. ఈ వారంలోనే బుక్ చేసి తేదీలు రాయి.

మీ మావయ్య