క్యాబిన్ కిటికీ: మీ సినిమా తగాదాలు, ఒక పాత ఆపరేటర్ జవాబులు

ఈ వారం సంచీలో పందొమ్మిది ఉత్తరాలు. వాటిలో పదకొండింటిది ఒకటే ప్రశ్న: "మా హీరో గొప్పా, వాళ్ల హీరో గొప్పా?" ఆ పదకొండూ పక్కన పెట్టేశాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఇరవై ఏడేళ్లు ప్రొజెక్టర్ తిప్పినవాణ్ణి. ఈ విషయంలో నోరు విప్పితే మర్నాడు ఏ వైపు నుంచి రాయి పడుతుందో నాకు తెలుసు. మిగిలినవాటిలోంచి ఆరు తీశాను.

ప్రశ్న: 1993లో మేం నలుగురం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివేవాళ్లం. చదివింది తక్కువ, క్రాస్ రోడ్స్‌లో సినిమాలు చూసింది ఎక్కువ. అప్పట్లో కలిసి సెకండ్ షో చూసిన ఒక సినిమాని ఈమధ్య రీ రిలీజ్ చేస్తే మళ్లీ నలుగురం వెళ్లాం. సెకండాఫ్‌లో ఒక పాట వచ్చింది. "ఇది అప్పుడు లేదు, ఇప్పుడెక్కణ్ణుంచో తెచ్చి కలిపారు" అని ముగ్గురూ అన్నారు. "క్యాసెట్లో విన్నాం కదరా, సినిమాలో లేకుండా ఎలా ఉంటుంది" అని నేను. ఇరానీ హోటల్లో మనిషికి మూడేసి చాయ్‌లు అయ్యేదాకా వాదించుకున్నాం. ఒకడు అలిగి వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఎవరిది కరెక్ట్? - ఒక ప్రభుత్వ ఉద్యోగి, విద్యానగర్

జవాబు: నలుగురిదీ. సినిమాలో ఆ పాట ఉంది. మీరు చూసిన రాత్రి లేదు. దాన్ని కోసినవాణ్ణి నేనే అయినా ఆశ్చర్యం లేదు.

ఆ రోజుల లెక్క చెప్తాను. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు తిరుగుతుంది. పదహారు రీళ్ల సినిమా అంటే దగ్గర దగ్గర మూడు గంటలు. దానికి ఇంటర్వెల్, స్లైడ్లు, న్యూస్ రీలు కలపండి. ఫస్ట్ షో జనం బయటికి పోయి, సైకిల్ స్టాండు ఖాళీ అయి, కొత్త జనం కూర్చునేసరికి తొమ్మిదిన్నర ఆట కాస్తా పదింటికి మొదలయ్యేది. వదిలేసరికి ఒంటిగంట దాటుతుంది. మా మేనేజర్ మెట్లెక్కి క్యాబిన్లోకి వచ్చి, "బస్సులు పోతున్నయ్ భయ్, సెకండాఫ్‌ల పాట లేపేయ్" అనేవాడు. నిర్మాతని అడిగేది లేదు, దర్శకుణ్ణి అడిగేది లేదు. సంగీత దర్శకుడు మద్రాసులో ఎన్ని రాత్రులు కూర్చుని కట్టాడో ఆ పాటని! నా చేతిలో కత్తెర ఉంది, అంతే.

రీలుని రీవైండింగ్ టేబుల్ మీద పెట్టి, ఫిల్ముని వేళ్ల మధ్య జారనిస్తూ చేత్తో తిప్పేవాణ్ణి. పాట మొదలయ్యే ఫ్రేము దగ్గర ఒక కోత, అయిపోయిన చోట ఒక కోత. మధ్యలో ఊడి వచ్చిన నాలుగొందల అడుగుల చిల్లరని చుట్ట చుట్టి, అట్టముక్క మీద సినిమా పేరు, రీలు నంబరు రాసి డబ్బాలో వేయడం. తర్వాత ఒక కొస మీద బ్లేడుతో మందు గీకి, సిమెంటు రాసి, రెండో కొసని దానిమీద పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. మనసులో ఇరవై లెక్కపెట్టేవాణ్ణి. తొందరపడి పదిహేనుకే వదిలితే అతుకు ప్రొజెక్టర్లో ఊడుతుంది. అప్పుడు నేల క్లాసు నుంచి వచ్చే మాటలు ఈ పత్రికలో రాయలేను.

మర్నాడు మార్నింగ్ షోకి పాటని మళ్లీ అతికించాలి. అదీ రూలు. ఎప్పుడూ అతికించామని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. ఒకసారి పాట నా డబ్బాలోనే ఉండిపోయింది, ప్రింటు పెట్టె మాత్రం సూర్యాపేట వెళ్లిపోయింది. సూర్యాపేట ప్రేక్షకులకి ముప్పై ఏళ్ల తర్వాత ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

కోసిన ప్రింటుని గుర్తుపట్టడానికి ఒక కిటుకు ఉండేది. ప్రింటు మీద బొమ్మకి సంబంధించిన శబ్దం ఆ బొమ్మ పక్కనే ఉండదు, ఇరవై ఫ్రేములు ముందు ఉంటుంది. లెన్సు దగ్గర ఫిల్ము ఆగి ఆగి కదలాలి, లేకపోతే బొమ్మ నిలవదు. శబ్దానికి అలా ఆగితే కుదరదు. అందుకని ఫిల్ము నున్నగా తిరిగే చోట, కాస్త కిందగా సౌండ్ హెడ్ పెట్టారు. అతుకు ముందు లెన్సు దగ్గరికి వస్తుంది, బొమ్మ గెంతుతుంది. సౌండ్ హెడ్ దాకా చేరడానికి ముప్పావు సెకను పైనే పడుతుంది. ఆ కాసేపూ తెర మీద హీరోయిన్ వంటింట్లో నోరు కదుపుతుంటే, వినపడేది కోసేసిన పాట మొదట్లోని చిన్న తునక. మీ నలుగురిలో ఎవరికైనా అలాంటిదేదో లీలగా గుర్తుందేమో అడగండి. ఈ హార్డ్ డిస్కుల కాలంలో ఆ గెంతు మీకు కనపడదు.

అలిగినాయన్ని గ్రూపులో చేర్చుకోండి. చాయ్ బిల్లు మాత్రం నన్నడక్కండి.

ప్రశ్న: 'మాయాబజార్'లో ధర్మరాజు వేషం ఎవరు వేశారు? నేనొక పేరు చెప్పాను, మా బావమరిది ఇంకో పేరు చెప్పాడు. ఐదొందలు పందెం. - నల్లకుంట

జవాబు: ఆ ఐదొందలూ నాకు పంపండి. ఎవరూ వేయలేదు. 1957లో కె.వి.రెడ్డి గారు తీసిన ఆ సినిమాలో పాండవులు ఐదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారు. అభిమన్యుడు ఉన్నాడు, ఘటోత్కచుడు ఉన్నాడు, సుభద్ర ఉంది, కౌరవులు గుంపుగా ఉన్నారు. ఆ ఐదుగురి గురించి మాటలే తప్ప మనుషులు లేరు. నేనే ఎన్నిసార్లు వేశానో, ఎవరో చెప్పేదాకా నాకూ తట్టలేదు. పింగళి వారు రాసిన తీరు అలాంటిది. అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది చూడండి, తెరిచినవాళ్లకి ఇష్టమైనదే అందులో కనపడుతుంది. మీ బావా బావమరుదులిద్దరూ ధర్మరాజుని దాంట్లోనే చూసుంటారు.

ప్రశ్న: ప్రతి ఆదివారం మా ఇంట్లో నేను, మా అమ్మాయి కలిసి ఒక సినిమా చూసి దాని మీద వాదించుకుంటాం. "పాత సినిమాల ముందు ఇప్పటివి దిగదుడుపు" అని 'గుండమ్మ కథ' పెట్టాను. సగంలో సెల్ తీసి "ఇది కన్నడ సినిమాకి రీమేక్, నాన్నా" అంది. పరువు పోయింది. ఏం చెప్పమంటారు? - కూకట్‌పల్లి

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమే. 1958లో కన్నడంలో 'మనె తుంబిద హెణ్ణు' వచ్చింది. తీసింది మన జానపదాల విఠలాచార్య గారే. దాన్ని విజయా వాళ్లు 1962లో 'గుండమ్మ కథ'గా తీశారు. కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వం, డి.వి.నరసరాజు గారి మాటలు.

పరువు పోవాల్సిన పని లేదు. పొరుగింటి నుంచి తోడు తెచ్చుకున్నంత మాత్రాన మనింటి పెరుగు వాళ్లది అయిపోతుందా? అమ్మాయిని ఒకటి అడగండి. రామారావు గారికి అది నూరో సినిమా, నాగేశ్వరరావు గారికి తొంభై తొమ్మిదోది. అంతటి ఇద్దరు హీరోలుండగా పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది. ఇవాళ ఇద్దరు పెద్ద హీరోల్ని పెట్టి, ఇంటి పెద్దావిడ పేరు పోస్టరు మీద వేసే నిర్మాతని ఒక్కణ్ణి చూపించమనండి. పాత సినిమాలు మార్నింగ్ షోలుగా వేసేవాళ్లం కదా, రామారావు గారు నిక్కరు వేసుకుని రుబ్బురోలు దగ్గర కూర్చున్న సీను రాగానే నేను క్యాబిన్ కిటికీకి చెవి ఆనించేవాణ్ణి. బాల్కనీలో ఆడవాళ్ల నవ్వు ముందు మొదలయ్యేది, కింద మగవాళ్లది తర్వాత. ఏ వారమూ ఆ వరస తప్పలేదు.

అలాగని మీ మొదటి మాటకి ఓటు వేయలేను. పాతవన్నీ గొప్పవి కావు సార్. నాసిరకంవి పెట్టెలతో సహా పోయాయి, మంచివి మిగిలాయి. ఒక సినిమా మూడో రోజు మ్యాట్నీకి హాల్లో పదకొండు మంది, వాళ్లలో ఇద్దరు ఎండకి తట్టుకోలేక పడుకోవడానికి వచ్చినవాళ్లు. దాని పేరు మీకు గుర్తుండదు. నాకూ గుర్తులేకపోతే బాగుండేది. వచ్చే ఆదివారం సినిమా మీ అమ్మాయిని పెట్టనివ్వండి.

ప్రశ్న: మాదాపూర్ హాస్టల్లో మేం ఐదుగురం. ఒకమ్మాయి ప్రతి సినిమా ముందురోజు ప్రీమియర్‌కే వెళ్లి, వచ్చి క్లైమాక్స్ మొత్తం చెప్పేస్తుంది. వద్దన్నా ఆగదు. మాకు టికెట్లు దొరికేది ఆదివారం. గురువారం రాత్రి నుంచి చెవుల్లో ఇయర్ ఫోన్స్ పెట్టుకుని టెన్షన్‌తో తిరుగుతున్నాం. - ఒక టెస్టర్

జవాబు: కట్టప్ప ఎందుకు పొడిచాడని ఊరంతా 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా అడిగింది. ఆగలేక చచ్చాం గానీ ఆగాం. మీ పిల్ల మూడు రోజులు ఆగలేదా?

నేను నీతులు చెప్పే స్థితిలో లేనులెండి. గురువారం రాత్రి పెట్టె రాగానే రీళ్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి కాబట్టి, శుక్రవారం సినిమా ముగింపు ఊళ్లో నాకే ముందు తెలిసేది. పెళ్లయిన కొత్తలో గొప్పకి పోయి మా ఆవిడకి ఒక హంతకుడి పేరు చెప్పేశాను. ఆ సినిమాకి వెళ్దామని పుట్టింటి నుంచి చెల్లెల్ని పిలిపించుకుని ఉందట. నాలుగు రోజులు పొద్దునా రాత్రీ ఉప్మాయే. అప్పట్నుంచి నా నోటికి తాళం.

కాబట్టి తిట్టి లాభం లేదు, శిక్ష ఉండాలి. చెప్పిన ప్రతి క్లైమాక్స్‌కీ ఐదుగురి పాప్‌కార్న్ ఆమెది. మల్టీప్లెక్స్ రేట్లకి రెండు వారాల్లో మాట పడిపోతుంది. అయినా ఒక మాట: ముగింపు తెలిశాక చూడబుద్ధి కాకపోతే ఆ సినిమాలో ముగింపు తప్ప ఇంకేమీ లేదేమో, అదీ చూసుకోండి. సీత భూమిలోకి వెళ్తుందని తెలియకనా 1963లో 'లవకుశ'కి జనం బళ్లు కట్టుకుని వచ్చింది?

ప్రశ్న: పోయిన నెల మీరు తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీ 1931 సెప్టెంబర్ 15 అని రాశారు. అది తప్పని మా స్నేహితుల బృందం ఏకగ్రీవంగా తీర్మానించింది. - బాగ్‌లింగంపల్లి

జవాబు: తీర్మానం సరైనదే. 1932 ఫిబ్రవరి 6, బొంబాయిలో. సెన్సార్ సర్టిఫికెట్టే 1932 జనవరిలో వచ్చింది, అంతకుముందు విడుదల ఎలా అవుతుంది? చిన్నప్పుడు విన్న తేదీ నా బుర్రలో అతుక్కుపోయింది. కోసి మళ్లీ అతికించుకున్నాను.

ప్రశ్న: మా అమ్మకి డెబ్భై ఆరేళ్లు. రెండేళ్లుగా చూపు దాదాపు పోయింది. నాన్నా ఆమే పెళ్లయిన దగ్గర్నుంచి ప్రతి సినిమా కలిసి చూసినవాళ్లు, ఇంటికొచ్చి పోట్లాడుకున్నవాళ్లు. ఇప్పటికీ తీసుకెళ్లమంటారు. హాల్లో నాన్న ఆమె చెవిలో తెర మీద జరిగేదంతా చెప్తూ ఉంటాడు. ఆయనకి వినికిడి తక్కువ, గుసగుస అనుకుంటూ గట్టిగా మాట్లాడతాడు. పోయిన ఆదివారం వెనక సీటు కుర్రాళ్లు గొడవపడ్డారు. నాన్న మౌనంగా లేచి వచ్చేశాడు. ఇక తీసుకెళ్లొద్దా? - మల్కాజిగిరి

జవాబు: తీసుకెళ్లండి. ఆదివారం మాత్రం వద్దు. మంగళవారమో బుధవారమో మార్నింగ్ షోకి వెళ్లండి, సినిమా విడుదలై రెండో వారంలోకి వచ్చాక. మా హాల్లో ఆ ఆటకి వరసకొక మనిషి ఉంటే గొప్ప. అందరికంటే వెనక వరస, గోడ వైపు రెండు సీట్లు తీసుకోండి. అమ్మగారిని గోడ పక్కన కూర్చోబెట్టండి. నాన్నగారి గొంతు అటు తిరుగుతుంది, హాల్లోకి పోయేది తగ్గుతుంది.

అమ్మగారి వయసువాళ్లకి చూడకుండా సినిమా చూడడం కొత్తేమీ కాదు. రేడియోలో 'సంక్షిప్త శబ్దచిత్రం' వచ్చేది, గుర్తుండే ఉంటుంది, అడగండి. సినిమా మొత్తాన్నీ గంటకి కుదించి మాటలూ పాటలూ వేసేవాళ్లు. మా అమ్మ బియ్యం ఏరుతూ వినేది. హాలుకెళ్లి చూడని సినిమాల్లో కూడా ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో ధీమాగా చెప్పేది. ఒకసారి నేను ఆ సినిమా వేస్తూ చూశాను. బ్లాక్ అండ్ వైట్.

నాన్నగారికి ఒకటే చెప్పండి. పాత్రలు మాట్లాడుతున్నప్పుడు ఆయన ఆగాలి, ఆమెకి అవి వినపడాలి. పాట మొదలయ్యాక అందుకోమనండి, అప్పుడు స్పీకర్ల హోరులో ఆయన గుసగుస ఎవరికీ వినపడదు. ఫైట్లలోనూ అంతే, ఎంత గట్టిగా చెప్పినా ఫర్వాలేదు. ఇంట్లో పాతవి పెట్టుకుంటే సింగీతం గారి 'పుష్పక విమానం' మాత్రం ఇప్పుడే వద్దు. 1987లో వచ్చిన ఆ సినిమాలో ఒక్క డైలాగూ లేదు. రెండు గంటలూ ఆయనే మాట్లాడాలి, ఆ గొంతుకి కాస్త అలవాటు కానివ్వండి.