టాప్ స్కోరర్లు సరే, నా ఓటు మాత్రం ఒక గోల్‌కీపర్ కాలికి

వరల్డ్ కప్ ఫుట్‌బాల్‌లో ఎక్కువ గోల్స్ ఎవరివి, మర్చిపోలేని మూమెంట్ ఏది అని అడిగారు కదా. మొదటిదానికి, 2022 వరకు చూస్తే జర్మనీ క్లోజే 16, నాలుగు వరల్డ్ కప్‌లు ఆడి కొట్టాడు, తర్వాత బ్రెజిల్ రొనాల్డో 15. కానీ నన్నడిగితే ఫ్రాన్స్ ఫాంటేన్ 1958లో ఆరంటే ఆరు మ్యాచుల్లో 13 కొట్టాడు చూడండి, దాని ముందు ఇవేవీ నిలవవు, ఒక్క టోర్నీలో అన్ని కొట్టడం ఇక ఎవరి వల్లా కాదు.

రెండోదానికి చాలామంది 2022 ఫైనల్‌లో ఫ్రాన్స్ ఎంబాపే హ్యాట్రిక్ అంటారు. ఆ మ్యాచ్ అన్నయ్యా నేనూ కలిసి చూశాం. అర్జెంటీనా 2-0 మీద ఉంది, ఫ్రాన్స్ అసలు ఆడట్లేదు, అన్నయ్య "ఇంకేముందిరా, అయిపోయింది" అని లేచి పడుకోడానికి వెళ్ళిపోయాడు, ఈలోపు 80వ నిమిషంలో ఎంబాపే పెనాల్టీ, 81లో బంతిని గాల్లో ఉండగానే కొట్టిన ఆ వాలీ, నేను పెట్టిన కేకకి దిండు చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. ఎక్స్‌ట్రా టైంలో మెస్సీ ఒకటి, ఎంబాపే మళ్ళీ పెనాల్టీ, 3-3. ఇక ఆఖరి క్షణాల్లో ఫ్రాన్స్ కోలో మువానీ బంతితో ఒక్కడే వచ్చేశాడు, ఎదురుగా కీపర్ తప్ప ఎవరూ లేరు, గట్టిగా కొట్టాడు కూడా, అర్జెంటీనా కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ముందుకొచ్చి ఒళ్ళంతా చాపేసి ఎడమ కాలు అడ్డం పెట్టాడు. అంతే, ఇద్దరికీ నోట మాట లేదు. అది లోపలికెళ్తే పెనాల్టీ షూటౌట్ లేదు, అందులో అర్జెంటీనా 4-2 గెలుపూ లేదు, మెస్సీకి కప్పూ లేదు.

నేను కాలేజీ టీమ్‌కి గోల్‌కీపర్‌ని, అందుకే దీన్ని లక్కు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అంత దగ్గర్నుంచి కొడితే బంతిని చూసి కదిలే టైం ఉండదు, ఎదురెళ్ళి షూటర్‌కి కనిపించే గోల్‌ని మన ఒంటితో మూసెయ్యాలి, ఎప్పుడు వెళ్ళాలో తెలియడమే అసలు పని. హైలైట్స్‌లో చూడండి, గోల్ అయితే నాలుగు యాంగిల్స్‌లో తిప్పితిప్పి చూపిస్తారు, సేవ్ ఒక్కసారి చూపించి వదిలేస్తారు. 2002లో జర్మనీ కీపర్ ఒలివర్ కాన్ ఫైనల్ దాకా ఒకే ఒక్క గోల్ ఇచ్చాడు, టోర్నీలో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే గోల్డెన్ బాల్ కూడా ఆయనకే వచ్చింది, అయినా ఎవర్నడిగినా ఫైనల్లో బ్రెజిల్ రివాల్డో షాట్ చేతుల్లోంచి జారిందనీ రొనాల్డో కొట్టేశాడనీ అదొక్కటే చెప్తారు, ముందు ఆడిన ఆరు మ్యాచులు ఏమైపోయాయి మరి!

2022లో 8 గోల్స్‌తో గోల్డెన్ బూట్ ఎంబాపేదని అందరికీ నోటికొచ్చు. బెస్ట్ గోల్‌కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ ఎవరిదంటే నీళ్ళు నములుతారు. మార్టినెజ్‌దే.